పసుపు పోయిన పెళ్లిచీర

ఆ రోజుల్లో నాకు లేని భయమంటూ లేదు. భద్రాచలం అవతల అడవి అంచున ఉన్న మా ఊరి నుంచి ఖమ్మం వచ్చి, ఒక ఫొటో స్టూడియోలో ఆల్బమ్ డిజైనర్‌గా కొత్తగా చేరాను. ఎలుగుబంటి అడుగుజాడ చూసినా బెదరని వాణ్ణి (అబద్ధం, బెదిరేవాణ్ణే, కాకపోతే పక్కన నాన్న ఉండేవాడు), పట్నంలో బస్సు కండక్టర్‌కూ హోటల్లో సర్వర్‌కూ కూడా జంకేవాణ్ణి. అందరికంటే ఎక్కువ భయం మా ఓనరంటే. ఆయన్ని అందరూ భాయ్ అనేవాళ్లు. మంచివాడే, కానీ మంచిమాట కూడా కేకేసి చెప్పేవాడు. పక్క మడిగెలో గాజుల దుకాణం నడిపే వాళ్లమ్మను నేను నానీమా అనేవాణ్ణి. ఆ వీధిలో నాకు భయం వేయని మనిషి ఆమె ఒక్కతే.

అప్పటిదాకా స్టూడియోలో ఒకటే మానిటర్. ఒకరోజు భాయ్ కొత్తది తెచ్చి దాని పక్కన పెట్టి, "పాతదాంట్ల ఫైళ్లు చూస్కో, కొత్తదాంట్ల ఫొటోలు దిద్దు. ఇది ఉన్నది ఉన్నట్టు చూపిస్తది, సమజైందా?" అన్నాడు. సమజైందన్నాను. ఆ కొత్త తెర వెలుగుకు మొదటిరోజే నా కళ్ల వెంట నీళ్లు కారాయి. చెబితే ఏమంటాడోనని, తెర కింద ఉన్న బటన్లేవో నొక్కాను. వెలుగు చల్లబడింది, ప్రాణం హాయిగా ఉంది. ఏం నొక్కానో చూసుకోలేదు, ఆ తర్వాత గుర్తూ లేదు.

దాని మీద నేను చేసిన మొదటి పని తల్లాడ వైపు ఒక పెళ్లి ఆల్బమ్. తెచ్చినాయన పెళ్లికూతురి మేనమామ. ఆయనకు కోత మిషన్ ఉంది. రోజంతా ఆ చప్పుడు మీద మాట్లాడీ మాట్లాడీ గొంతు కూడా అలాగే తయారైంది కాబట్టి నేను మనసులో కోత మిషన్ మామ అని పేరు పెట్టుకున్నాను. "చూడు పిల్లగా, తేడా వస్తె మాటలుండవ్" అని చెప్పి వెళ్లాడు. మాటలు కాక ఇంకేముంటాయో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

కొత్త తెర మీద ఫొటోలన్నీ పచ్చకామెర్లు వచ్చినట్టు ఉన్నాయి. తప్పు కెమెరామెన్‌దే అనుకున్నాను (కొత్తగా ఉద్యోగంలో చేరినవాడికి తప్పు ఎప్పుడూ అవతలివాళ్లదే). మూడు రోజులు కూర్చుని, నలభై పేజీల్లోంచీ ఆ పసుపును ఓపిగ్గా తీసేశాను. నా పనితనానికి నేనే మురిసిపోయాను. నాలుగో రోజు మధ్యాహ్నం, భాయ్ నేలకొండపల్లిలో ఫంక్షన్‌కు వెళ్లిన సమయంలో, తాళి కట్టే ఫొటోను ఎందుకో పాత తెర మీదికి జరిపాను. తెల్లచీరను పసుపునీళ్లలో ముంచి తాళి వేళకు కట్టే చీర తెల్లగా మల్లెపువ్వులా ఉంది. పాదాలకు పసుపు లేదు. తాళి కట్టిన తాడుకూ లేదు. వెనక్కి కొత్త తెర మీదికి జరిపితే అన్నిటికీ పసుపుంది.

ఏది నిజం? కేబుళ్లు అటూ ఇటూ మార్చాను. పసుపు కొత్త మానిటర్‌ను వదల్లేదు, అంటే తప్పు కేబుల్‌ది కాదు. కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను, అదే తీరు. భాయ్‌కి ఫోన్ చేస్తే, "అరే, కొత్తది తప్పు చూపిస్తదా? పాతదాని పని అయిపోయింది. జల్దీ ప్రింటుకు పంపు!" అన్నాడు. అప్పుడే తలుపు తోసుకుని కోత మిషన్ మామ లోపలికి వచ్చాడు.

"ఏదీ, మా పిల్లను చూపియ్" అన్నాడు. కొత్త తెర మీద చూపించి గండం గట్టెక్కుదామనుకున్నాను. చెమట చేతిలో మౌస్ జారి ఫొటో రెండు తెరల మధ్యకు వెళ్లి ఆగింది. పెళ్లికూతురు సగం పసుపుచీరలో, సగం తెల్లచీరలో ఉంది. ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. కుర్చీలో మెల్లగా కూలబడి, "మా అమ్మ తెల్లచీర కట్టబట్టి ఇరవై ఏండ్లాయె. ఆల్బమ్ ముందుగాల ఆమె చేతికే పోతది. మనవరాలిని గిట్ల చూస్తె అన్నం ముట్టదు. ఆమెకు నేనేం చెప్పాలె?" అన్నాడు. ఆయనకూ భయమే, వాళ్లమ్మంటే. అది తెలిసి నా భయం తగ్గాల్సింది; రెండింతలైంది.

నా వాలకం తలుపు అద్దంలోంచి కనబడిందేమో, నానీమా వచ్చింది. సంగతి విని రెండు తెరల్నీ ఒకసారి చూసి, "చీరకు గాజులు కలపాలంటె నేను లైటు కింద చూస్తనా బేటా? బయట ఎండలకు తీస్కపోత. నీది గూడ కాగితం మీద తీసి బయటికి తే" అంది. చిన్న ప్రింటు తీసి ముగ్గురం వీధిలో నిలబడ్డాం. ఎండలో చీర తెల్లగా మెరిసిపోయింది. పాత తెరే నిజం చెప్పింది. లోపలికి పరుగెత్తి ఒక ఖాళీ తెల్ల పేజీ తెరిచి, రెండు తెరల పక్కనా తెల్లకాగితం పట్టాను. కొత్తదాని మీద తెలుపు నెయ్యి రంగులో ఉంది. కింది బటన్ నొక్కితే మెనూ వచ్చింది. అందులో ‘కళ్లకు హాయి’ అనే మోడ్ ఆన్ చేసి ఉంది. చేసింది ఎవరో అప్పుడు గుర్తొచ్చింది.

"కంపెనీ నుంచే గిట్ల వచ్చినట్టుంది" అన్నాను, ఎవరి ముఖమూ చూడకుండా. అసలు ఫొటోలు వేరే ఫోల్డర్‌లో భద్రంగా ఉండబట్టి బతికాను. మోడ్ తీసేసి, రెండు తెరలూ ఒకేలా ఉన్నాయని చూసుకుని, మొదటి పేజీ నుంచి మళ్లీ మొదలుపెట్టాను. మామ కదల్లేదు. చీకటి పడేవేళకు తాళి ఫొటో ప్రింటు చేతికిస్తే చాలాసేపు చూసి, "అవ్, ఇది మా పిల్లే" అన్నాడు. మిగతా పేజీలకు తొందరలేదని చెప్పి వెళ్లిపోయాడు.

మర్నాడు నానీమా ఒక పసుపు రంగు ప్లాస్టిక్ గాజు తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. "రంగు మీద అనుమానం వస్తె దీన్ని పక్కన పెట్టి చూస్కో. ఇంక బటన్లు నొక్కితే ఏం నొక్కినవో చూస్కో బేటా" అంది. నా అబద్ధం ఆమె దగ్గర ఒక్కపూట కూడా నిలవలేదన్నమాట. భాయ్‌కి మాత్రం ఎన్నడూ చెప్పలేదు.

ఇప్పుడు భద్రాచలంలో నాకే ఒక స్టూడియో ఉంది. తెరల రంగులు సరిచూసే పరికరం కొన్నాను. అయినా ప్రతి పెళ్లి ఆల్బమ్‌లో మొదటి ప్రింటు పట్టుకుని వీధిలోకి వెళ్లి ఎండలో నిలబడతాను. మా పనివాళ్లు నవ్వుకుంటారు. ఆ గాజు ఇప్పటికీ నా టేబుల్ మీదే ఉంది. ఇన్నేళ్ల కిటికీ ఎండకు వెలిసి అది దాదాపు తెల్లబడింది, రంగు చూడ్డానికి ఇక పనికిరాదు. తీసేద్దామని చెయ్యి చాస్తాను. ఆ ఖమ్మం మడిగెలోంచి నానీమా చూస్తున్నట్టే ఉంటుంది, భయపడి అక్కడే పెట్టేస్తాను.