రిలీవర్ తీగ

1994 వేసవిలో భిలాయి సెక్టర్ 6లోని ఓ క్లబ్బు ఆర్కెస్ట్రాకి అరేంజర్‌గా చేరాను. పగలు స్కూల్లో సంగీతం మాస్టారి ఉద్యోగం, సాయంత్రం ఇది. అరేంజర్ పాటలు కట్టడు. ఎవరో కట్టినదాన్ని ఏ వాయిద్యం ఎక్కడ అందుకోవాలో, ఎక్కడ నోరు మూసుకోవాలో కాగితం మీద రాసి పంచుతాడు. హోదాలో కండక్టరుకి కింద, వాయించేవాళ్లకి పైన. తిట్లు మాత్రం రెండు వైపుల నుంచీ వస్తాయి.

ఆ ఏడాదే క్లబ్బుకి కొత్త కీబోర్డు వచ్చింది. మీట నొక్కితే వేణువు, మరోటి నొక్కితే వయొలిన్. కార్యదర్శి గారి సంబరానికి పట్టపగ్గాల్లేవు. ఆ ఊపులోనే, "మాస్టర్‌జీ, అబ్ స్టీల్ గిటార్ కీ క్యా జరూరత్?" అనేశారు. ఇక స్టీల్ గిటార్ అవసరమేముంది, వార్షికోత్సవం కాగానే ఆర్కెస్ట్రాలో దాని కుర్చీ తీసేద్దామన్నారు.

ఆ కుర్చీ సుగుణమ్మది. విజయనగరం నుంచి వచ్చిన రైల్వే కుటుంబం, ఊరి పక్కన కోహ్కాలో ఇల్లు, ఉక్కు ప్లాంటు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో షిఫ్టు ఆపరేటరు. మా ఊళ్లో చాలామంది స్టీల్ గిటార్ అంటే మన ప్లాంటు ఉక్కుతో చేసిందనుకునేవారు. నిజానికి ఉక్కు ఉండేది చేతిలో. గిటార్‌ని ఒళ్లో పడుకోబెట్టి, ఎడమచేత్తో నున్నటి ఉక్కు కడ్డీని తీగల మీద జారుస్తూ, కుడిచేత్తో మీటుతారు. నిదానమైన పాటలో అది మనిషి గొంతులా సాగుతుంది. వేగం దానికి పడదని అందరి నమ్మకం. నాదీ అదే.

ఓ రిహార్సల్లో కీబోర్డు వాయించే దూబే ఒక చిలిపి పియానో ముక్క అందుకున్నాడు. జనాన్ని నవ్వించడానికే రాసిన సంగీతం అది. వేళ్లు మెట్ల మీంచి దొర్లిపడినట్టు పరుగులు, మధ్యలో పక్కపక్కనున్న రెండు మీటలు కలిపి నొక్కి గిలిగింతలు. అందరూ చప్పట్లు కొట్టారు. సుగుణమ్మ ఒక్కతే తలవంచుకుని కడ్డీ తుడుచుకుంటోంది. నాకు ఒళ్లు మండింది. ఇదే ముక్క స్టీల్ గిటార్ మీద వాయిస్తే కుర్చీ ఉంచుతారా అని కార్యదర్శిని అడిగేశాను. ఆయన నవ్వి, సరేనన్నారు.

బయటికి రాగానే ఆవిడ పట్టుకుంది. "నన్నడక్కండా పందెం కాసీసినారేటి మాస్టారూ?"

పని మొదలుపెట్టాను. పియానో ఎడమచేతి దరువును బేస్‌కీ, రిథమ్ గిటార్‌కీ పంచాను. కుడిచేతి పరుగంతా, ఒక్క స్వరం వదలకుండా, సుగుణమ్మకి రాసిచ్చాను. నా పనితనం చూసి నేనే మురిసిపోయాను కూడా. ఆవిడ రెండు వరుసలు వాయించి ఆగిపోయింది. పియానోలో వేళ్లు పది. ఇక్కడ కడ్డీ ఒక్కటి. అది గిటార్ మెడ మీద రెండో మెట్టు నుంచి పన్నెండో మెట్టుకి దూకేలోపు పాట వెళ్లిపోతోంది.

"ఏటి మాస్టారూ ఇది? రిలీవరు లేకండా డబుల్ డ్యూటీ ఏసీసినారు. నా ఎడం చెయ్యి ఇంటికెప్పుడెల్తాది?"

అందరం నవ్వాం. ఎక్స్ఛేంజిలో రిలీవరు వచ్చి కూర్చుంటే గానీ పాత ఆపరేటరు లేవకూడదు. కుర్చీ ఖాళీ ఉండకూడదన్నది షిఫ్టు ధర్మం. సైకిలు తొక్కుతూ ఇంటికి వస్తుంటే ఆ మాటే చెవిలో మోగింది. సెంట్రల్ ఎవెన్యూ మధ్యలో బ్రేకు వేశాను. రిలీవరు ఉన్నాడు! కడ్డీ తాకని తీగ!

ఆవిడ గిటార్‌లో ఉత్త తీగలన్నీ కలిసి డీ కార్డు పలికేవి. పియానో ముక్క ఈ-ఫ్లాట్ శ్రుతిలో ఉంది. ఉత్త తీగలు అందులో కలిసేలా దాన్ని అర స్వరం దించి డీలోకి తెచ్చాను. కడ్డీ ప్రతి పెద్ద గెంతు దగ్గరా ఒక ఉత్త తీగ స్వరం పెట్టాను. ఆ తీగ పలుకుతుండగా కడ్డీ లేచి కొత్త చోటికి చేరుతుంది. కుర్చీ ఖాళీగా ఉండదు. పరుగులో కొన్ని స్వరాలు కోసేయక తప్పలేదు. గిలిగింతల చోట కడ్డీతో చిన్న జారుడు పెట్టాను. కాగితం చూసి సుగుణమ్మ కళ్లు మెరిశాయి. "ఇప్పుడు డ్యూటీ చార్టు సరిగ్గుంది" అంది.

వార్షికోత్సవం రోజున డ్రమ్ముల వాడు హుషారెక్కువై, రిహార్సల్ కన్నా బాగా వేగంగా కర్ర ఆడించాడు. ఆపే వీల్లేదు. సుగుణమ్మ పెదవి బిగించి దూకింది. తీగ పలికింది, కడ్డీ లేచింది, దిగింది, మళ్లీ లేచింది. ఒక్క స్వరం ఒలికితే ఒట్టు! జారుడు వచ్చిన చోట జనం ఫక్కున నవ్వారు. సరిగ్గా ఎక్కడ నవ్వాలో అక్కడే. ఆఖరి స్వరానికి నేను వేదిక పక్కన పిచ్చివాడిలా గెంతుతున్నాను. అంత ఆనందం నా సర్వీసులో మళ్లీ ఎరగను.

దూబే మంచివాడు. తనే కార్యదర్శి దగ్గరికి వెళ్లి, "యే జో ఫిసల్తా హై నా, వో మేరే పాస్ నహీ హై" అన్నాడు. ఆ జారుడు కీబోర్డులో లేదని వాయించేవాడే చెప్పాక కార్యదర్శి ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారు. కుర్చీ ఉంది. పాతికేళ్లు దాటిన నా అరేంజర్ పనికి అక్కడి నుంచి ఒకటే పద్ధతి. ఏ వాయిద్యానికి రాసినా ముందు చెయ్యి ఎక్కడ ఖాళీ అవుతుందో గుర్తు పెట్టుకునేవాణ్ణి, స్వరాలు ఆ తర్వాతే. రిలీవరు ఎక్కడున్నాడో చూసుకోకుండా ఎవరికీ డ్యూటీ వేయకూడదు.