ముందు మెట్టు కనబడాలి

మా మేడం పోయారని ఆదివారం పొద్దున ఆవిడ చెల్లెలుగారు మెసేజ్ పెట్టారు. చెల్లెలుగారికి పెద్దయ్యాక చెవులు పోయాయి, ఫోన్లో మాట్లాడలేరు. కంగారు పడకుండా నిదానంగా రమ్మని రాశారు. మేడం ఉన్నన్నాళ్ళూ నాకా మాట ఎవరూ చెప్పలేదు. కంగారు పడటమే ఆవిడ నేర్పిన చదువు.

కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యాక, విజయవాడలో మా చిన్న కంపెనీకి అద్దాల డిజైను చూడటానికి వచ్చారు. మేము చేసేది వినబడనివాళ్ళు పెట్టుకునే కళ్ళజోడు. ఎదుటివాళ్ళ మాట అక్షరాలై కంటి ముందు తేలుతుంది. ఫ్రేములో దాచిన చిన్న తెర వెలుగును అద్దం కంట్లోకి తిప్పాలి. అదే అద్దంలోంచి లోకమూ మామూలుగా కనబడాలి. ఒకటి పెంచితే రెండోది తగ్గుతుంది. మేడంకి ఎప్పుడూ ఆ బెంగే. ఎండలో చూశావా, నీడలో చూశావా, వానలో ఎవరైనా పెట్టుకుని నడిచారా అని రోజూ ఫోన్ చేసి అడిగేవారు.

మొదటి జోడు ల్యాబ్‌లో బాగానే ఉంది. భవానీపురంలో కృష్ణ ఒడ్డుకు తీసుకెళ్తే, నీళ్ళ మీది ఎండకి అక్షరాలు వెలిసిపోయాయి. బయటివైపు నల్ల ఫిల్ము అతికించాం. అక్షరాలు చక్కగా వచ్చాయి. ఆ వారంలోనే ఆర్డరిచ్చేవాళ్ళకి చూపించాలి కాబట్టి అందరం ఊపిరి పీల్చుకున్నాం, మేడం తప్ప. ఆవిడ చెల్లెలుగారికి ఆ జోడు పెట్టి, నన్నూ వెంటబెట్టుకుని వన్‌టౌన్‌లో ఒక బట్టల కొట్టుకు తీసుకెళ్ళారు. ఎండలోంచి లోపలికి అడుగుపెట్టగానే కిందికి మెట్లు. చెల్లెలుగారి కాలు గాల్లోకి వెళ్ళింది. మేడం రెక్క పట్టుకోబట్టి సరిపోయింది.

"అక్షరాలు బాగున్నాయక్కా," అన్నారు చెల్లెలుగారు. "మెట్టే కనబళ్ళేదు."

మేడం అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడ్డారు. నాతో, "మాట కనబడకపోతే మళ్ళీ చెప్పమంటుందమ్మా. ముందు మెట్టు కనబడాలి," అన్నారు.

ఆ సాయంత్రమే మా ఓనరుగారికి ఫోన్ చేసి, ఇప్పుడే ఎవరికీ చూపించొద్దన్నారు. ఆయన కోప్పడ్డారు, బతిమాలారు, చివరికి ఒప్పుకున్నారు. ఆ ఆర్డరు పోయింది. కంపెనీ ఉంటుందో మూతపడుతుందో తెలియకుండానే పనిచేశాం.

ఫిల్ము తీసేసి, అక్షరాల ఆకుపచ్చ రంగును మాత్రం కంట్లోకి తిప్పి, మిగతా వెలుగును వదిలేసే పూత వేయించాం. కుదిరిందనుకుంటుంటే మేడంకి మరో భయం పట్టుకుంది. బయటి నుంచి వచ్చే ఆ రంగునీ పూత ఆపేస్తుంది కదా, మరి సిగ్నల్లో పచ్చ లైటు సంగతేమిటని. నన్ను రోడ్డు మీద నిలబెట్టి చూపించారు. నిజమే, లైటు వెలవెలబోతోంది. సిగ్నల్ పచ్చకు తగలకుండా అక్షరాల రంగును కాస్త జరిపి, పూత పని మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టాం. అప్పటికే ఆవిడకు ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది.

కొత్త జోడు చేతికొచ్చేసరికి మేడం ఆసుపత్రిలో ఉన్నారు. ముఖానికి ఆక్సిజన్ మాస్కు. ఇన్నేళ్ళూ పెదాలు చూసే అక్క మాట పట్టుకున్న చెల్లెలుగారికి ఇప్పుడా పెదాలు కనబడటం లేదు. ఆవిడకు జోడు పెట్టి, మైకు మేడం దిండు దగ్గర ఉంచాను. ఒకటే బెంగ, మాస్కులోంచి మాట అందుతుందా, అందినా తప్పుగా పడుతుందా అని.

మేడం ఏదో అన్నారు. నాకు వినబడలేదు. చెల్లెలుగారు చదువుకుని, అక్క చెయ్యి పట్టుకున్నారు.

"నాకూ భయంగానే ఉందక్కా. ఇక్కడే ఉన్నాగా."

కాసేపయ్యాక మేడం నా వైపు చూసి, వేలితో ఆ అద్దాన్ని చూపించారు. అక్షరాల వెలుగు కొంచెం బయటికి కూడా వస్తోంది, మంచం మీంచి ఆవిడకు కనబడుతోంది. చూస్తానండీ అన్నాను. ఇప్పటికీ ఆ పని మీదే ఉన్నాను. సరిగ్గా వచ్చిందా అని ఇక ఎవర్ని అడగాలో తెలియడం లేదు.

ఆసుపత్రిలో ఆ మధ్యాహ్నం మేడం నిద్రలోకి జారుకున్నారు. చెల్లెలుగారు జోడు తీయలేదు. అద్దం మీద ఒక్క అక్షరం కూడా లేదు. దాని వెనక ఆవిడ కళ్ళు, అక్క మాస్కు మీద తెల్లగా వచ్చి పోతున్న ఆవిరినే చూస్తున్నాయి.