‘విన్నపాలేవీ అందలేదు’

తొంభైల నడుమ, రాయచూరు థర్మల్ విద్యుత్ కేంద్రంలో కొత్త యూనిట్ల పని సాగుతున్న రోజుల్లో, నన్ను ఆ తాలూకాకు శిశు అభివృద్ధి అధికారిగా వేశారు. తాలూకాలోని అంగన్‌వాడీలన్నీ నా కింద ఉండేవి. చిక్కసూగూరు అంగన్‌వాడీకి ఊరి పిల్లలతోబాటు, ఆ కట్టడం పనికి పాలమూరు వైపు నుంచి వచ్చిన కూలీల పిల్లలూ వచ్చేవారు.

మధ్యాహ్నం భోజనం పెట్టి అంగన్‌వాడీ మూసేవాళ్లం. తల్లుల పని మాత్రం సాయంత్రం దాకా. తట్టలు మోసే నాగమ్మ, ఆ పూట కూడా పిల్లలను చూసుకునే ఏర్పాటు చేయమని నన్ను రెండుసార్లు ఆపి అడిగింది. చూద్దామన్నాను. చూడలేదు.

ఆ ఏడు పార్లమెంటులో ఒక సభ్యురాలు నక్షత్ర గుర్తు ప్రశ్న వేశారు. పెద్ద కట్టడాల దగ్గర పనిచేసే తల్లుల పిల్లలకు సాయంత్రం వరకు ఏ ఏర్పాటు ఉంది, దాని గురించి విన్నపాలు వచ్చాయా అని. ఆ గుర్తు ఉంటే మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి. దానిపై సభ్యులు అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. జవాబుకు కావలసిన సమాచారం కోసం ప్రశ్న ఢిల్లీ నుంచి బెంగళూరుకు, అక్కడినుంచి జిల్లాకు, చివరికి నాలాంటివాడి బల్ల మీదికి దిగుతుంది. మాకొక వాడుక వాక్యం ఉండేది: ‘విన్నపాలేవీ అందలేదు.’ కాగితం మీద ఏదీ రాలేదు కదా, అబద్ధం కాదనుకుని అదే పంపాను.

మంత్రి అదే చదివారు. తట్ట మోసే తల్లి కాగితం ఎప్పుడు రాయాలి, అధికారి తానే వెళ్లి అడిగాడా అని ఆ సభ్యురాలు నిలదీశారట. మళ్లీ విచారిస్తామని మంత్రి మాట ఇచ్చారు. సభలో ఇచ్చిన మాట హామీగా నమోదవుతుంది, నెరవేరేదాకా వదలదు. అలా ప్రశ్న మళ్లీ నా దగ్గరికే వచ్చింది.

ఈసారి మధ్యాహ్నం కూలీల రేకుల షెడ్లకు వెళ్లాను. నాగమ్మ గదికి బయట తాళం. రేకు సందులోంచి చిన్న వేళ్లు కనిపించాయి. అంగన్‌వాడీ టీచరు కబురు పంపితే నాగమ్మ సిమెంటు చేతులతోనే వచ్చింది.

“ఏంది సార్, మేమడిగితే ఇనపడలే, ఢిల్లీల అడిగితే ఇనపడ్డదా?” అంది. తాళం తీస్తూ, “గిట్ల ఎయ్యకుంటే పిల్ల మిషన్ల కిందికి పోతది. ఏం జేయాలె?” అంది.

ఆమె నన్ను రెండుసార్లు అడిగిందనీ, నేను పట్టించుకోలేదనీ నివేదికలో రాశాను. మొదటి జవాబు తప్పని తేలితే మంత్రి సభలో సవరణ ప్రకటన చేయాల్సి వస్తుంది, నివేదికలో ఆ మాట కొట్టెయ్యమని పై అధికారి ఫోన్ చేశారు. ఉండనివ్వండి అన్నాను. సవరణ జరిగింది. నాకు మెమో వచ్చింది, ఆ ఏటి ఇంక్రిమెంటు ఆగింది. అందులో అన్యాయమేమీ లేదు.

కొన్ని నెలలకు కాంట్రాక్టరు చేత షెడ్ల పక్కనే ఒక గది ఇప్పించి, తల్లులు వచ్చేదాకా ఉండే ఆయాను వేశారు. తనిఖీకి వెళ్లినప్పుడు నాగమ్మ తలుపుకు తాళం లేదు. అది ఆమె మగడి సైకిల్‌కు వేలాడుతోంది.

“మంచి తాళం సార్, పారేస్తమా?” అని నవ్వింది.

ఆ తర్వాత సర్వీసంతా, ‘విన్నపాలేవీ అందలేదు’ అని రాయవలసి వస్తే ముందు అక్కడికి వెళ్లి అడిగి వచ్చేవాణ్ని. వెళ్లి వచ్చాక ఆ వాక్యం రాసే అవసరం చాలాసార్లు కలగలేదు.