మాటల్లేని నాటకం, మిద్దె మీద పెళ్ళికొడుకు

టీవీ ఇంటికొకటి కాకుండా వీధికొకటి ఉన్న కాలం అది. చిత్తూరులో ఆ వీధికున్న ఒక్కటీ మా మేనమామ ఇంట్లోనే ఉండేది. మద్రాసు నుంచి రావలసిన బొమ్మ కాబట్టి మా దాకా చేరేసరికి సగం మనుషులు, సగం చుక్కలు. అయినా వారానికొకసారి సాయంత్రం పూట వచ్చే అరగంట అరవ నాటకానికి వీధి వీధంతా ఆ హాల్లోకి చేరేది. (చిత్తూరులో అరవం రానివాళ్ళు ఉండొచ్చు గానీ, రాదని ఒప్పుకునేవాళ్ళు లేరు.) సరిగ్గా అలాంటి సాయంత్రమే, అదే హాల్లో, నా పెళ్ళిచూపులు పెట్టారు.

మాది వడమాలపేట, చూపుల కోసమే మామ ఇంటికి వచ్చాం. నాకు డిగ్రీ అయిపోయింది గానీ మాటలు అయిపోలేదు. అంతకుముందు వచ్చిన సంబంధం, పెళ్ళికొడుకు తండ్రి చెబుతున్న కథను నేను మధ్యలో అందుకుని ముగించినందుకే తప్పిపోయింది. అందుకే ఈసారి అమ్మ నాకు తిలకం దిద్దుతూ, "మే, ఈపొద్దు నోరు తెరిస్తే సూడు! ఏమడిగినా ఊ, ఊహూ. అంతే" అని గట్టిగా చెప్పింది. నాయన ముఖం చూస్తే, ఈ సంబంధమూ పోతే తట్టుకోలేడనిపించింది.

పలమనేరు నుంచి పెళ్ళికొడుకు, అతని తల్లి, పెదనాయన వచ్చారు. బస్సు ఆలస్యమై నాటకం మొదలయ్యే వేళకే దిగారు. మామ టీవీ కట్టేయబోతే అతని తల్లే, "ఆపొద్దప్పా, ఇది సూసి మాట్లాడుకుందాం" అంది. అంతే, పెళ్ళివారూ, వీధి జనమూ, బజ్జీల పళ్ళెంతో నేనూ, అందరం టీవీ వైపు తిరిగాం.

ఎన్నో చూశాను గానీ అలాంటి నాటకం మళ్ళీ చూడలేదు. ఒక ఇల్లు, ఒక భార్య, ఒక భర్త. గోడవారగా సర్దిపెట్టిన పెట్టె. భర్త ఆఫీసు నుంచి వచ్చి ఆ పెట్టెను చూస్తాడు. అతను చూడటాన్ని ఆమె చూస్తుంది. ఇద్దరూ పలకరు. ఆమె కంచం పెడుతుంది, అతను తలవంచుకుని తింటాడు. అన్నం వడ్డించే ఆమె వేళ్ళు, ముద్ద దిగని అతని గొంతు, మళ్ళీ ఆ పెట్టె... ఇవే చూపిస్తున్నారు. ఊపిరి బిగబట్టి కూర్చున్నాం.

"సౌండు పోయినట్టుండాదే!" అన్నారు వెనక నుంచి ఎవరో. మామ లేచి మీటను చివరికంటా తిప్పాడు. సరిగ్గా అప్పుడే ఆ భార్య నీళ్ళచెంబును బల్ల మీద పెట్టింది. ధణేల్‌మని ఇల్లదిరింది. నేను ఉలిక్కిపడ్డాను, బజ్జీలు వెళ్ళి పెదనాయన ఒళ్ళో పడ్డాయి. నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన మాత్రం తెర మీంచి కన్ను తిప్పకుండానే ఒకటి తీసి నోట్లో వేసుకున్నాడు. (ఆ నాటకం తీసినవాళ్ళకు ఇంతకన్నా పెద్ద బహుమతి ఎవరిచ్చి ఉంటారు!)

అంతలో గాలి లేచి బొమ్మ పోయింది. హాలంతా హాహాకారాలు. మామకు మోకాళ్ళ నొప్పులు. పెళ్ళికొడుకే ప్యాంటు పైకి మడుచుకుని మిద్దె ఎక్కి యాంటెన్నా పట్టుకున్నాడు.

"వచ్చినాదా?"

"రాలేదు!"

"ఇప్పుడో?"

"వచ్చె, వచ్చె! అట్లే పట్టుకో అబ్బా, వదలొద్దు!"

వదిలితే బొమ్మ పోతోంది. కాబట్టి నాటకం ముగిసేదాకా పాపం అతను గాలిలో దాన్ని పట్టుకునే నిలబడ్డాడు.

తర్వాత మమ్మల్నిద్దరినీ మాట్లాడుకోమని వరండాలోకి పంపారు. నేను తల వంచుకున్నాను. అతను చేతులకంటిన తుప్పు దులుపుకుంటూ అడిగిన మొదటి ప్రశ్న, "ఆఖర్న ఏమైనాది? ఆమె ఎల్లిపోయిందా?"

"ఊహూ."

"అయితే ఆయన పోవద్దన్నాడా?"

"ఊహూ."

"మరెట్ల?"

అమ్మ నేర్పినవి రెండే, రెండూ చాలలేదు. "అయ్యో, అదే గదా సంగతి!" అని మొదలుపెట్టాను. నాటకంలో భర్త చేయి కడుక్కుని పెట్టె దగ్గరికి పోవడం, దాన్ని ఎత్తుతాడని ఆమె కళ్ళు మూసుకోవడం, అతను మూత తెరిచి ఒక్క చీర తీసి దండెం మీద ఆరేసినట్టు వెయ్యడం, ఆమె కళ్ళు తెరిచి దాన్ని చూసి, మారుమాట లేకుండా లోపలికెళ్ళి పొయ్యి మీద పాలు పెట్టడం, అన్నీ అభినయించి మరీ చెప్పాను. పెళ్ళికొడుకు రెప్ప వెయ్యకుండా నా ముఖమే చూశాడు. నా కథకు ఇంత మైమరచిపోయినవాడు లోకంలో మరొకడు లేడనుకున్నాను.

లోపల పెద్దవాళ్ళు, "ఇంతసేపు మాట్లాడుకుంటాండారంటే కుదిరినట్టే" అని తాంబూలాలు మార్చుకున్నారు. నాయన నవ్వడం చాలా రోజుల తర్వాత చూశాను.

పెళ్ళయ్యాక ఒకరోజు ఆయన్ని అడిగాను, ఆ వేళ అంతగా ఏం చూశారని. "చెమటకు నీ తిలకం కారి ముక్కు మీద నిలిచుండె. యాడ పడతాదోనని సూస్తావుంటి" అన్నాడు. చెప్పొచ్చు కదా అంటే, "కత మంచి పట్టులో ఉండాది, మధ్యలో ఎట్ల ఆపేది?" అన్నాడు.

చేతులు తిప్పుతూ, కళ్ళు తిప్పుతూ వరండాలో నిలబడ్డ ఆ పిల్ల అప్పుడప్పుడూ గుర్తొస్తుంది. దగ్గరికి పిలిచి కొంగుతో ముక్కు తుడవాలనిపిస్తుంది. మళ్ళీ వద్దులే అనుకుంటాను. కథ ఆగిపోతుంది.