రత్నం గట్టు మీద పొన్న మొక్కలు

రత్నం ఊరు వెళ్ళి చూడాలని చాలా నెలలుగా అనుకుంటున్నాను. అభిమానంతో కాదు. నాతోపాటు టీచరు ట్రైనింగు చదివిన రత్నం, సఖినేటిపల్లి అవతల ఏటిగట్టు మీద సర్కారు తుమ్మ పీకించి, ఊరివాళ్ళ చేత పొన్న, కానుగ, గంగరావి నాటించిందని అందరూ చెప్పుకుంటున్నారు. భీమవరం దగ్గర మా ఊళ్ళో నేనూ అదే పని చేశాను. నా మొక్కలు ఒక్క వేసవి కూడా దాటలేదు. మరి ఆమెవి నిజంగా బతికాయా?

శనివారం ఆరున్నర పాసింజరు ఎక్కి నరసాపురంలో దిగాను. స్టేషను బయట ఇడ్లీ తిని రిక్షాలో రేవుకి వెళ్ళాను. ఏరు దాటించే పంటు నిండా సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు. పక్కన నిలబడ్డ పెద్దాయన ఎక్కడికని అడిగారు. చెప్పగానే, "రత్నంగారి మొక్కలకాండీ? ఆయ్, చూడాలండి. మావాళ్ళు కూడా వెళ్ళొచ్చేరు" అన్నారు. నది నడిమధ్యన కూడా ఆమె పేరే! ఇక గోదావరిని చూడబుద్ధి కాలేదు.

అవతల అంతర్వేది బస్సు ఎక్కి, దారిలో దిగి, కాలువ వెంట అరగంట నడిచాను. వెళ్ళేవాళ్ళు పొద్దున్నే వెళ్ళండి, ఎండెక్కితే ఇసుక కాళ్ళు కాలుస్తుంది.

రత్నం గట్టు మీదే ఎదురొచ్చింది. పొన్నలు నా భుజం దాటాయి, ఆకులు నూనె రాసినట్టున్నాయి. ఎండినదొక్కటైనా దొరుకుతుందేమోనని వరసంతా వెతికాను. చివర ఒక మూలంతా ఎండుపుల్లలే. నా ప్రాణం లేచొచ్చింది.

"ఉప్పునీళ్ళెక్కి రెండుసార్లు పోయాయే. ఈ వానలకి మట్టి ఎత్తుపోసి మళ్ళీ నాటతాం" అంది రత్నం, ఏమీ దాచకుండా.

అంతలో మరియమ్మ అనే ఆవిడ చంకలో నీళ్ళబిందెతో వచ్చి గొడవకు దిగింది. "తుమ్మంతా పీకించేసేరు. పొయ్యిలోకి ఏం పెట్టుకోమంటారండీ? మీ పొన్నాకులా?"

మొక్కలకి నీళ్ళు పోస్తున్నవాళ్ళంతా చుట్టూ చేరారు. నాకు లోపల పండగే.

రత్నం కోప్పడలేదు. "మరేం చేద్దామంటావు మరియమ్మా?" అంది. వాళ్ళలో వాళ్ళే కేకలేసుకున్నారు. కొత్త చెట్లు ఎదిగేదాకా కాలువ పక్క ఇంకా పీకకుండా మిగిలిన తుమ్మ వరసను వంటచెరుకు కోసం ఉంచాలని తేలింది. కాయలు రాలి మళ్ళీ మొలవకుండా ముందే కోసెయ్యడం మరియమ్మ పని.

"ఆయ్, కోస్తానండి. కొయ్యకపోతే అడగండి" అంటూ ఆవిడ బిందె తీసుకెళ్ళి ఒక కానుగ మొదట్లో ఒంపింది.

పచ్చని ఆకుల కన్నా నాకు ఆ గొడవ మీదే ఎక్కువ అసూయ కలిగింది. మా ఊళ్ళో నాతో ఎవరూ పోట్లాడలేదు. మీటింగులో అందరూ తలూపారు, టీ తాగారు, వెళ్ళిపోయారు. మొక్కలు నావిగానే మిగిలాయి. చచ్చినప్పుడూ నావే.

మధ్యాహ్నం రత్నం ఇంట్లో చేపల పులుసు, అన్నం. పులుసు చాలా బాగుంది. అదీ కిట్టలేదు.

"మీ ఊరు నేనూ ఓసారి రానా?" అంది.

"ఇప్పుడొద్దులే" అన్నాను గబుక్కున.

సాయంత్రం పంటు మీద, చంటిపిల్లనెత్తుకున్న ఒకావిడ అడిగింది. "గట్టు చూసొచ్చేరాండీ? ఎలా ఉందండీ?"

అబద్ధమాడదామని నోరు తెరిచాను. "తప్పకుండా చూడండమ్మా, చాలా బాగుంది" అనే మాటే వచ్చింది. అది నా చేత అనిపించినందుకు రత్నం మీద ఇంకాస్త కుళ్ళుకుంటూ నరసాపురంలో దిగాను.