సొట్టలు తీసెయ్యమన్నారు

ధర్మవరంలో మా వీధి చివర లైబ్రరీకి వచ్చే పిల్లల పత్రికల్లో బొమ్మల కథలుండేవి. ఏ కథలో చూసినా ఊరు ఏటి ఒడ్డున మొదలయ్యేది. నీళ్ళలోకి దిగే మెట్లు, వంగిన కొబ్బరిచెట్టు, నడుము మీద కడవతో వెనక్కి తిరిగి నవ్వే అమ్మాయి. నాకు ఆ అమ్మాయి మీద పట్టరాని కోపం వచ్చేది. నీళ్ళ కడవ మోసేవాళ్ళెవరూ అలా మెడ తిప్పి నవ్వరు. తొణికిన నీళ్ళు ఆమెకు మళ్ళీ ఎవరు పోస్తారు?

కోపమున్నా ఆమెనే గీసేదాన్ని. బొమ్మల కథ ఒకటి గీయాలని పదో తరగతి నుంచీ నా కోరిక. గీయడానికి నా దగ్గరున్న నమూనాలు అవే. నేను చూసిన ఏరు చిత్రావతి ఒక్కటే, దాంట్లో ఇసుక తప్ప ఏమీ ఉండేది కాదు. చూడని ఏటిని పత్రికలో చూసి గీస్తే అది ఏరులాగే ఉండేది, కానీ నాకు దాంట్లో కాలు పెట్టాలనిపించేది కాదు. ఒకసారి లైబ్రరీ వార్షికోత్సవానికి అనంతపురం నుంచి వచ్చిన పెద్దమనిషి, కళకు ప్రశాంతమైన మనసు కావాలని చెప్పాడు. ఆయన ముందు బల్ల మీద మూత పెట్టిన గ్లాసులో నీళ్ళున్నాయి. ఆ రోజు మా ఇంట్లో తాగడానికి ఒక్క చెంబు మిగిలింది. వెనక వరుసలో కూర్చుని ఆయన మాటలు వినలేదు. గ్లాసునే చూస్తూ ఉన్నాను.

మా నాయన చీరల కొంగులకు డిజైన్లు గీసేవాడు. గ్రాఫ్ కాగితం మీద ఒక్కో గడి ఒక్కో పోగు కిందికి లెక్క. నిండిన గడుల ప్రకారం అట్టలకు రంధ్రాలు కొట్టి, వరుసగా కుట్టి మగ్గం మీదికి ఎక్కిస్తే నెమలో హంసో కొంగులోకి దిగుతుంది. నాయన గీత గీస్తే నేను గడులు నింపేదాన్ని. ఆ పని నాకు ఇష్టం, ఎందుకంటే మాట్లాడే అవసరం ఉండదు. నలుగురిలో నోరు విప్పడం నాకు చేతనయ్యేది కాదు. అనాల్సినవన్నీ డైరీలో అనుకునేదాన్ని.

ఎనభైల మొదట్లో వరుసగా వానలు తప్పిపోయిన ఒక వేసవిలో మా వీధి కుళాయికి పొద్దున ఒక గంట నీళ్ళు వదిలేవాళ్ళు. ఎప్పుడొస్తాయో తెలియదు కాబట్టి ఎవరూ నిలబడేవాళ్ళు కాదు. మనుషులకు బదులు బిందెలు నిలబడేవి. ముందురోజు సాయంత్రమే వరుసలో బిందె పెట్టి వెళ్ళిపోతే, తెల్లారి ఆ చోటు ఆ ఇంటిదే. బిందెను జరపడం అంటే మనిషిని తోసినట్టే. మగ్గాల దగ్గర ఎంత కొట్లాడుకున్నా ఈ ఒక్క కట్టు ఎవరూ తప్పేవాళ్ళు కాదు.

షావుకారు ఇల్లు తప్ప. వీధిలో సగం మగ్గాలకు పట్టు, జరీ ఇచ్చేది ఆయనే. నాయనకు డిజైన్ల పని ఇచ్చేదీ ఆయనే. ఆయన కూలిమనిషి తోపుడు బండి మీద పెద్ద రాగి అండాను తెచ్చేవాడు. వరుసను పక్కకు జరిపి, కుళాయికి రబ్బరు గొట్టం తగిలించేవాడు. అండా నిండేదాకా అందరూ చూస్తూ ఉండేవాళ్ళు. ఒకరోజు అతను జరిపిన బిందెల్లో మొదటిది మా ఎదురింటి అవ్వది. ఒంటరి మనిషి, కండెలకు పట్టు దారం చుట్టి బతికేది. బిందె అడుగున చిల్లి పడితే లక్క పూసి వాడుకునేది. అండా నిండింది, నీళ్ళు ఆగిపోయాయి. అవ్వ బిందె కాలువ పక్కన బోర్లా పడి ఉంది. అవ్వ దాన్ని తీసుకుని, కొంగుతో తుడిచి, ఖాళీగా ఇంటికి పోయింది. ఒక్కరూ ఏమీ అనలేదు. నేనూ అనలేదు.

ఇంటికొచ్చి డైరీలో రాశాను. రాసింది చదువుకుంటే ఎవరికో పెట్టుకున్న మొరలాగా ఉంది. ఎవరికి మొర పెట్టుకోవాలి? నాకు నా రాత మీదే అసహ్యం వేసింది. డైరీ మూసేసి, చేతికందిన గ్రాఫ్ కాగితం మీద ఆ వరుసను గీశాను. ఒక చదరంలో బిందెలన్నీ కుళాయి వైపు నిలబడి ఉన్నాయి. పక్క చదరంలో అండా వచ్చింది. తర్వాత వరుస వంగింది, విరిగింది. చివరి చదరంలో లక్క అడుగు కనిపించేలా ఒక బిందె బోర్లా పడి ఉంది. మనుషులను గీయలేదు. ముఖాలు గీసేంత ధైర్యం నాకు లేదు. ఏ ముఖమూ లేకపోతే ఎవరి పేరూ పెట్టనట్టే కదా అనుకున్నాను.

మిట్టమధ్యాహ్నం వీధంతా మగ్గాల మీద ఉన్నప్పుడు, గంజితో దాన్ని కుళాయి వెనక గోడకు అతికించి వచ్చాను. సాయంత్రం బిందెలు పెట్టడానికి వచ్చినవాళ్ళ మాటలు తలుపు వెనక నుంచి విన్నాను.

"మే, ఇది నా బిందె గదా. ఈ సొట్ట చూడు. నా మొగుడు కొట్టింది."

"నిన్ను కొట్టబోయి బిందెను కొట్టినాడా?"

"బిందెను కొట్టబోయి నన్ను కొట్టింటే ఆయప్పకు ఇంత బాధ ఉండేది కాదులే."

"ఈ మూతి వంకరది మా అత్తది."

"బిందెనా, మూతినా?"

నవ్వులు. తర్వాత అవ్వ గొంతు. "నా లక్క ఊరంతా చూస్తాండారు గదమ్మా. ఎవరు గీసినారో వాళ్ళ చెయ్యి..." అని ఆగి, "చెయ్యి బాగుండ" అంది.

మా వీధిలో మనిషి ముఖం కంటే బిందె సొట్ట ఎక్కువ గుర్తు. నాకు ఆ మాత్రం తోచలేదు. ముఖాలు గీసి ఉంటే పోలికలు తప్పి ఎవరో ఏమిటో తెలిసేది కాదు. బిందెలు గీసేసరికి వీధి మొత్తాన్ని పేరు పెట్టి పిలిచినట్టయింది. గ్రాఫ్ కాగితం ఏ ఇంట్లో ఉంటుందో కూడా అందరికీ తెలుసు.

మరుసటి రోజు షావుకారు మా ఇంటికొచ్చాడు. గోడ మీది కాగితం ఊడదీసి చుట్ట చుట్టి చేతిలో పట్టుకున్నాడు. నాయన లేచి నిలబడ్డాడు. నేను గడప లోపలే ఉండిపోయాను.

"ఏమప్పా, నీ బిడ్డ గీసిందంట."

"పిల్లది, తెలీక చేసిందన్నా."

"తెలీక ఇట్ల గీస్తారా? ఈ బిందె మెడ చూడు, ఎంత సక్కగా వచ్చిందో. నువ్వు ఇన్నేండ్లుగా గీస్తాండావు, నీకు వచ్చిందా?" అని నవ్వాడు. కాగితం నేల మీద పరిచి వేలు పెట్టి చూపించాడు. "ఈ వరుస కొంగుకు బలే ఉంటాది. పెండ్లి చీరకు పెడదాం. సొట్టలు తీసెయ్యమను. పడిపోయినదాన్ని లేపి నిలబెట్టు. మూతుల్లో మామిడాకులు, టెంకాయ పెట్టు. పూర్ణకుంభాలయితాయి."

"అండా, అన్నా?" అని నాయన అడిగాడు.

"అండా ఎందుకప్పా పెండ్లి చీరలో?"

తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే నాకింత మండేది కాదు. నా కాగితం నన్నే అడగకుండా పట్టుకుపోయి, దాంట్లో నుంచి నీళ్ళు లేకపోవడాన్ని మాత్రం తీసేసి, మిగిలింది బాగుందని మెచ్చుకున్నాడు. నాయన ముఖంలో బతికిపోయామన్న సంతోషం. గ్రాఫ్ పరిచి, పెన్సిలు నా ముందు పెట్టాడు.

"గీయి పాపా. సగం గీస్తే చాలు, తక్కిన సగం మగ్గమే మడిచి నేస్తాది."

"సొట్టలు తియ్యను" అన్నాను.

"కోపం అన్నం పెడతాదా?"

"నేను గీయను నాయనా."

నాయనకు నేను ఎదురు చెప్పడం అదే మొదటిసారి. ఆయన తానే కూర్చుని గీశాడు. ఒక చోట మెడ దగ్గర వంపు కుదరక, "ఇదెట్ల తిప్పినావు?" అని నన్నే అడిగాడు. నేను చెప్పలేదు.

ఆ చీర మా పక్కింటి మగ్గం మీదే నేశారు. బంగారు జరీలో నిండు బిందెలు, సొట్ట లేదు, మరక లేదు, ఒకదాని పక్కన ఒకటి టెంకాయలతో నిలబడ్డాయి. ఆ కొంగు నేస్తున్న మనిషి భార్య ఖాళీ బిందె పట్టుకుని మగ్గం పక్క నుంచే పోతోంది. చూడలేక బయటికొచ్చేశాను. బొమ్మలో ఖాళీ ఉంచితే ఎవరైనా దాన్ని తమకు కావలసినదానితో నింపుకుంటారని అప్పుడు అర్థమైంది. నేను వదిలేసిన ఖాళీ ముఖాలదే.

ఈసారి మగ్గం నుంచి దించేసిన పాత అట్టల వెనకవైపు గీశాను, ఎవరూ చుట్టేసి తీసుకుపోకుండా. అవ్వ ముఖం, పక్కింటామె ముఖం, చూస్తూ ఊరుకున్నవాళ్ళందరి ముఖాలు. బండి తోసేవాడికి గుబురు మీసాలు, ఎర్రటి కళ్ళు పెట్టాను. వాటిని దారంతో కుట్టి, పొద్దున అందరూ ఉన్నప్పుడే వెళ్ళి కుళాయి గోడకు వేలాడదీశాను. ఈసారి తలుపు వెనకకు పోలేదు. అక్కడే నిలబడ్డాను.

"నా ముక్కు ఇంత లావుండాదా పాపా?" అంది పక్కింటామె.

"ఇంకా తగ్గించే గీసింది" అని ఎవరో అన్నారు.

అంతలో బండి వచ్చింది. అతను గొట్టం చేతిలో పట్టుకుని అట్టల ముందు ఆగాడు.

"ఈ రాక్షసుడు ఎవరు?"

అవ్వే అంది, "నువ్వేలే నాయనా. అండా తోసేది ఇంకెవరుండారు?"

"నాకు మీసాలేవి?" అని పై పెదవి తడుముకున్నాడు. నున్నగా గీసిన ముఖం. కళ్ళు కూడా ఎర్రగా లేవు, నిద్రలేక పీక్కుపోయి ఉన్నాయి. "ఎవరు గీసింది? నువ్వా పాపా? బత్తలపల్లె పక్క మాది. చెనిక్కాయ పంట ఎండిపోతే ఈడికొచ్చినా. మా ఆడోళ్ళు గూడా ఇట్లనే బిందె పట్టుకోని నిలబడుకోనుండారు. నేను కనపడినాను నీకు. తెమ్మన్నోళ్ళు కనపడలేదా?"

ముఖం మండిపోయింది. అతని మీద కోపం, అతను చెప్పింది నిజమైనందుకు ఇంకా కోపం.

"మీ షావుకారు ఇంట్లో అన్ని నీళ్ళు తాగుతారా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"తాగేదానికి? ఎప్పుడన్నా ఎనకాల వచ్చి చూసినావా యాడికి పోతాదో?"

"పద, చూస్తా" అన్నాను.

అండా నిండాక అతను బండి తోస్తుంటే వెనక నడిచాను. బండి షావుకారు ఇంటి ముందు ఆగలేదు. ఇల్లు దాటి వెనక వీధిలోని కొట్టంలోకి పోయింది. అక్కడ పొయ్యిల మీద కాగులున్నాయి. పట్టు చిలపలకు, అంటే దారపు కట్టలకు, రంగులు వేసే చోటు. మా వీధి తాగే నీళ్ళను అతను కాగుల్లోకి ముంచి పోశాడు. ఒకామె కర్రతో ఎర్ర చిలపలను తిప్పుతోంది. పని అయిపోయిన కాగును ఇద్దరు వంచితే ఎర్రటి నీళ్ళు కొట్టం గోడ కింద నుంచి కాలువలోకి పోయాయి. పెళ్ళిచీర ఎరుపు. నేను గడులు నింపిన కొంగులన్నిటికీ ఆ ఎరుపే నేల.

నేను ఆ అండా నీళ్ళను ఎవరో తాగుతున్నారనుకున్నాను. తాగి ఉంటే బాగుండేదనిపించింది.

షావుకారు కొట్టం తలుపు దగ్గరికి వచ్చి నన్ను చూశాడు. "ఏం పాపా, డిజైన్ కోసం వచ్చినావా?"

"ఊఁ" అన్నాను. అబద్ధం కాదు. కాగులు, చిలపలు, కర్ర పట్టుకున్నామె చేతులు, ఆయన నిలబడిన తీరు, అన్నీ కళ్ళతో గీసుకుంటూ అక్కడే నిలబడ్డాను. ఆయన పొమ్మనేదాకా కదలలేదు.

గోడ మీది అట్టలు దించుకుని ఇంటికొచ్చి మీసాలు చెరిపేశాను. ఆ తర్వాత కుళాయి దగ్గరి బొమ్మలు మాత్రమే సరిపోలేదు. అండా వెనక ఒక చదరం, కొట్టంలో కొన్ని, కాలువ, ఎరుపెక్కిన పట్టు, మగ్గం, ఎక్కడో పెళ్ళిలో ఆ చీర కట్టుకుని నిలబడిన అమ్మాయి. ఒక బొమ్మకు ముందేం జరిగింది, తర్వాతేం జరిగిందని కోపంగా అడుగుతూ పోతే అదే పుస్తకమయ్యేటట్టుంది. ఏటి ఒడ్డు మళ్ళీ గీయలేదు. ప్రశాంతమైన మనసు కోసం ఎదురుచూడనూ లేదు.

నాలుగు అట్టలు నిండేసరికి సంగతి షావుకారుకు చేరింది. నాయనకు డిజైన్ల పని ఆపేశాడు. నాయన నన్ను తిట్టలేదు. నేను గీస్తున్న చోటికి వచ్చి కూర్చుని, అట్టలు ఒక్కొక్కటే తిప్పాడు. ఒక చదరం దగ్గర ఆగాడు. దాంట్లో ఆయనే గ్రాఫ్ మీదికి వంగి, సొట్ట తీసిన బిందె మూతిలో టెంకాయ పెడుతున్నాడు.

"నన్ను తీసెయ్ పాపా" అన్నాడు.

"తియ్యను నాయనా."

"తీసెయ్ అంటాండా."

తీయలేదు. ఆయన అట్టను పక్కన పెట్టి లేచిపోయాడు. ఆ చదరం ఇప్పటికీ పుస్తకంలో అక్కడే ఉంది. దాన్ని తీసేస్తే, మా కుళాయి దగ్గర బోర్లా పడ్డ బిందె పెళ్ళికూతురి భుజం మీదికి నిండుగా ఎలా ఎక్కిందో చదివేవాళ్ళకు తెలియదు.