ఏ పక్కకు రెండింతలు?

నా చిన్నప్పుడు మా ఇంటి దూలానికి ఒక పాత నారతాడు వేలాడుతుండేది. ఆడుకుందామని దాని మీద చెయ్యి వేస్తే మా నాయన వీపు చీరేసేవాడు. అది మా తాత కొలతాడు. జొన్నల పాతరను తాత ఆ తాడుతోనే కొలిచి తవ్వించాడట. కొస నుంచి మొదటి ముడి దాకా పాతర వెడల్పు, రెండో ముడి దాకా లోతు. కర్నూలుకు పడమట మా పల్లెల్లో పాతర ఉన్న ప్రతి ఇంట్లోనూ అలాంటి తాడు ఒకటి ఉండేది.

పాతరంటే ఈ కాలం పిల్లలకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. నేలలో పెద్ద కడవలా గొయ్యి తవ్వి, లోపల చొప్ప పరిచి, జొన్నలు మూతి దాకా పోసి, పైన బండ మూసి మట్టితో మెత్తేవారు. మూతి దాకా నిండితే ఏళ్ళు గడిచినా గింజ చెడదు. లోపల వెలితి ఉందా, ఆ గాలికి చెమ్మ పట్టి గింజంతా ముక్కిపోతుంది. అలా ముక్కిన జొన్నల్ని గొడ్లు కూడా ముట్టవు. వాన మొహం చాటేసిన ఏడాది మమ్మల్ని బతికించేది ఆ పాతరే.

తాత పోయాక కొన్నేళ్ళు వరసగా ఎండిపోయి, ఒక ఏడు జొన్న విరగపండింది. తాత పాతర నిండడానికి ఎంత కావాలో దానికి రెండింతలు వచ్చింది. పాత పాతరలోకి ఊట దిగి పాడైపోయింది, కొత్తది తవ్వక తప్పదు. నాయన తాడు దించాడు. వెడల్పును రెండింతలు చేసి దొడ్లో గుండ్రంగా గీత గీశాడు, లోతు కూడా రెండింతలు తవ్వమన్నాడు. పంట రెండింతలు, తాడు రెండింతలు, ఆయన లెక్క అంత సులువుగా తేలిపోయింది.

ఆ గీత చూసి మా జేజి, అంటే నాయనను కన్న తల్లి, గుండెల మీద చెయ్యి వేసుకుంది. "ఇంత గుంత ఎట్ల నిండుతాదిరా? పంటంతా ముక్కబెడతావా?" అంది.

"పాతర సంగతి నీకేం తెలుసమ్మా? గమ్మునుండు" అన్నాడు నాయన. పక్కనే ఉన్న చిన్నాయన కిసుక్కున నవ్వాడు. జేజి ఇంకొక్క మాట అనలేదు. ఆమె నోరు మూసుకుందంటే ఇంట్లో ఏదో జరగబోతోందని నాకు తెలుసు, ఆ పోలికే నాకూ వచ్చింది మరి.

ఆమె నేరుగా వంటింట్లోకి వెళ్ళి నన్ను పిలిచింది. ఇంట్లో మేం ఐదుగురం, పాతర తవ్వడానికి వచ్చిన సాయిబు మామ, ఆయన కొడుకులిద్దరు, అందరికీ అమ్మ అప్పుడే సంగటి కెలికి దించింది. జేజి మామూలు ముద్ద ఒకటి చేసి, దాని నడుం చుట్టూ నూలుదారం తిప్పి తెంపింది. దానికి రెండింతల దారం ఇంకొకటి తీసి నా చేతికిచ్చింది. ఈ దారం సరిపోయేంత ముద్ద చెయ్యమంది. నేను చేతులు తడుపుకుంటూ సంగటి పెట్టి తట్టాను. దారం వదులు. మళ్ళీ పెట్టాను, ఇంకా వదులే. కుండ ఖాళీ అవుతుంటే నాకు భయం వేసింది. జేజి మాత్రం ముసిముసిగా నవ్వుతూ ఇంకా పెట్టమంటోంది. ఆఖరికి ఆమె చేసిన ముద్ద కూడా అందులోనే కలిపేశాకగానీ దారం బిగుసుకోలేదు.

మగవాళ్ళు వచ్చి కూర్చున్నారు. జేజి ఆ గుండును రెండు చేతులా ఎత్తి నాయన కంచంలో దించింది. పక్కన ఇంత ఊరిబిండి పచ్చడి వేసింది. మిగతా కంచాలు ఖాళీ.

"ఏమ్మా, మా ముద్దలు యాడ?" అన్నాడు సాయిబు మామ, బిత్తరపోయి.

"అన్నీ ఈయప్ప కంచంలోనే ఉండాయి" అంది జేజి. తర్వాత కొడుకు వైపు తిరిగి, "దారం రెండింతలే చేసినా నాయనా, నీ తాడు మాదిరే. తిను, ఇద్దరి కూడే గదా!" అంది.

నాయన మొహం కందగడ్డ అయింది. జేజి సైగ చెయ్యగానే నేను ఆ గుండును తుంచి, మామూలు ముద్దలు చేసి ఒక్కో కంచంలో పెడుతూ పోయాను. ఎనిమిది మందికీ సరిపోయింది. సాయిబు మామ పడీ పడీ నవ్వాడు. రొట్టె వెడల్పు రెండింతలు కావాలంటే నాలుగు రొట్టెల పిండి పడుతుందని రొట్టెలు తట్టే ప్రతి ఆడదానికీ తెలుసు. ముద్దకు ఎత్తు కూడా ఉంది. అదీ రెండింతలైతే నాలుగు కాస్తా ఎనిమిదవుతుంది. పాతరైనా అంతే. నాయన గీసిన గొయ్యిలో మా పంట అడుగున పావు వంతు దగ్గరే ఆగిపోయేది.

"మరి ఎంత తవ్వల్ల?" అన్నాడు నాయన, గొంతు తగ్గించి. జేజి తనకూ తెలియదంది. నాకు మాత్రం కంచంలో కనబడిపోయింది. నా ముద్ద తీసి జేజి ముద్ద మీద పెట్టాను. "వెడల్పు తాత తాడంతే ఉండనీ నాయనా. లోతు ఒకటే రెండింతలు చెయ్యి" అన్నాను. నాయన సంగటి కూడా ముట్టకుండా లేచి తాడు తెచ్చి, కొత్త లోతు దగ్గర నా చేత ముడి వేయించాడు.

నింపే రోజు ఊళ్ళో సగం మంది మా దొడ్లోనే ఉన్నారు. పిల్ల మాట విని తవ్వించాడట, సగం జొన్నలు బయటే మిగులుతాయని నవ్వుకున్నారు. నేను కదలకుండా మూతి పక్కనే నిలబడ్డాను. గంప మీద గంప పడుతోంది. గింజ నడుం దాటింది, భుజం దాటింది. కళ్ళంలో చివరి గంప ఎత్తేసరికి జొన్నలు పాతర మూతిని తాకాయి. నాయన నన్ను అమాంతం భుజానికెత్తుకుని దొడ్డంతా తిరిగాడు. అంత ఎత్తు నుంచి నవ్విన వాళ్ళందరి తలపాగాలూ చూసుకున్నాను. ఆ సంతోషం ఎంతని చెప్పను!

మరుసటేడు చినుకు రాలలేదు. పాతర తెరిస్తే గింజ ముత్యంలా బయటికి వచ్చింది. మొదటి దోసెడు జేజి నా ఒడిలో పోసింది.

ఇప్పుడు నేనే జేజిని. నా మనవలు నీళ్ళ తొట్టి రెండింతలు పెద్దది కట్టించాలన్నా, గది పెంచాలన్నా నేను అడిగేది ఒకటే మాట, ఏ పక్కకని. జేజి మొదలుపెట్టిందిరా అని వాళ్ళు నవ్వుతారు, అయినా మేస్త్రీని పిలిచి మళ్ళీ కొలిపిస్తారు. ఆ తాడు ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. తాత వేసిన ముళ్ళు నున్నగా, చక్కగా ఉంటాయి. చివరన వంకరగా ఉన్న ముడి నాది. దాన్ని ఎవరినీ విప్పనివ్వను.